కొసరుగా వచ్చిన యాంటీవైరస్

ఆ రోజుల్లో మనుషులకు కంప్యూటరంటే భక్తి ఉండేది, బోధపడడం మాత్రం ఉండేది కాదు. ఇప్పుడు రెండూ లేవు, అది వేరే సంగతి. రాజమండ్రిలో ఏ ఆఫీసుకు వెళ్లినా కంప్యూటరు గది బయట చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాలి. మే నెల ఎండల్లో గుమస్తాలు ఫైలు అట్టలతో విసురుకుంటూ చెమటలు కక్కుతుంటే, కంప్యూటరు మాత్రం ఏసీ గదిలో మెడదాకా ప్లాస్టిక్ ముసుగు కప్పుకుని కొత్త అల్లుడిలా కూర్చునేది. దసరాకి దాని నుదుట కుంకుమ, మౌసు మీద బంతిపువ్వు. దాన్ని ముట్టుకోవడం వచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలవడానికి కూడా జంకి 'సిస్టమ్ గారు' అనేవాళ్లు. ఆ సిస్టమ్ గార్లలో నేనొకణ్ణి. నా అర్హత ఏమిటంటే, ఒక మేడ మీద ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలల కోర్సు. అక్కడ పదిమందికి ఒక కంప్యూటరు, అందులో వారానికి రెండు రోజులు కరెంటు ఉండదు. సర్టిఫికెట్టుకు మాత్రం బంగారు అంచు ఉండేది. చదువు ఎంత పల్చగా ఉంటే అంచు అంత మందంగా ఉంటుందని తర్వాత చాలా ఆఫీసుల గోడలు చూశాక అర్థమైంది.

మాది కొట్టు వంశం. నాన్నది కిరాణా కొట్టు, చిన్నాన్నది బట్టల కొట్టు, మేనమామది స్టీలు సామాన్ల కొట్టు. మా ఇళ్లలో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. మిగతా లోకం మనుషుల్ని ఎలా విడదీసుకుంటుందో నాకు తెలియదు, నాకు మాత్రం చిన్నప్పటినుంచీ రెండే రకాలు: కొసరు అడిగేవాళ్లు, అడగనివాళ్లు. కొసరంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను (ప్యాకెట్టు మీద అచ్చేసిన ధర చూసి నోరు మూసుకుని కొనుక్కునే ఈ తరానికి తెలియకపోవచ్చు): తూకం అయిపోయాక కూడా సంచీ మూతి మూయకుండా 'ఏంటండీ, అంతేనా?' అని నిలబడితే, కొట్టువాడు విసుక్కున్నట్టు నటించి పైన వేసే గుప్పెడు. మా నాన్న ఆ గుప్పెడు ముందే తగ్గించి తూచేవాడు. ఆ సంగతి కొనేవాళ్లకూ తెలుసు. అందరికీ తెలిసినదాన్ని మోసమని ఎలా అంటారని ఆయన వాదన. కొసరు లేకుండా ఏ వస్తువైనా ఇంటికి తెస్తే మా అమ్మ నన్ను జాలిగా చూసేది, పరీక్ష తప్పినా అంత జాలిపడలేదు.

నాకు ఆ కొట్టు వద్దు. కౌంటరు వెనక నిలబడి చింతపండు పిక్కల గురించి వాదించే బతుకు వద్దు. అందుకే పురుగు మందులు, విత్తనాలు అమ్మే ఒక కంపెనీలో సిస్టమ్స్ అసిస్టెంటుగా చేరాను. ఆరు నెలలు పరీక్షాకాలం, ఆ తర్వాత పర్మినెంటు. చేరిన రోజున నాన్న చెప్పేశాడు: "ఒరేయ్, ఆర్నెల్లు చూస్తాను. పర్మినెంటు కాగితం తెచ్చావా, నీ దారి నీది. తేలేదనుకో, వచ్చి కౌంటర్లో కూర్చుంటావు. బేరం లేదు." ఆయన నోట 'బేరం లేదు' అన్న మాట వినడం అదే మొదలు. మర్నాడే పాత స్టూలుకు కొత్త కుషను కుట్టించి నాకు కనపడేలా పెట్టాడు. నా మీద ఆయనకున్న నమ్మకం అంతటిది.

మా కంపెనీ పెద్దాఫీసు ధవళేశ్వరం వెళ్లే రోడ్డులో ఉండేది. నిడదవోలులో ఒక డిపో, రామచంద్రపురంలో ఒకటి, ఇంకా రెండు మూడు చోట్ల. అన్నీ కలిపి ముప్పై ఒక్క కంప్యూటర్లు, వాటన్నిటికీ నేనొక్కణ్ణే సిస్టమ్ గారిని. నా పైన మేనేజరు, ఆయన్ని అందరూ చాటుగా డోసు గారనేవాళ్లు. పొలాల వెంట తిరిగి మందులు అమ్మి పైకొచ్చిన మనిషి. ఆయన దృష్టిలో ప్రపంచంలో ప్రతి సమస్యా ఒక పురుగు, ప్రతి పురుగుకీ ఒక మందు, ప్రతి మందుకీ ఒక డోసు. ఇక డెలివరీ కౌంటర్లో ఒక పెద్దావిడ ఉండేవారు. లూథరన్ చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేవారు కాబట్టి ఆమెని టీచరమ్మ గారు అనేవాళ్లం. వారంలో మిగిలిన ఆరు రోజులూ ఆ పాఠం మాకు చెప్పేవారు.

మే నెలలో మా కంప్యూటర్లకు వైరస్ తగిలింది. ఏ ఫోల్డరు తెరిచినా అందులో అదే పేరుతో ఇంకో ఫోల్డరు, దాంట్లో ఇంకోటి. చలానా ప్రింటు కొడితే రైతు పేరు ఉండాల్సిన చోట కోడి కాళ్లు గీకినట్టు గీతలు. ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కోవడానికి నాకు పావుగంట పట్టింది. డోసు గారు వాళ్ల బావమరిది దగ్గర తెచ్చుకున్న జాతకాల ఫ్లాపీలోంచి వచ్చింది. ఆఫీసులో అందరి జాతకాలూ చూసిన ఫ్లాపీ అది, దాని జాతకం ఎవరూ చూడలేదు. ఆ మాట ఆయనతో అనగలనా?

"గాల్లో వచ్చి ఉంటుందయ్యా," అన్నారాయన. "దీనికి మందు లేదా?"

"ఉందండి. యాంటీవైరస్ అని."

"ఎకరాకి ఎంత పడుద్ది?"

"ఎకరాకి కాదండీ, కంప్యూటరుకి ఒకటండి."

"మరి కొట్టేసెయ్. సార్వా మొదలయ్యేలోపు అన్నీ శుభ్రంగా ఉండాలి. ఇది సరిగ్గా చేశావనుకో, నీ పర్మినెంటు కాగితం నేనే టైపు చేయిస్తాను."

సార్వా అంటే మా వైపు వానాకాలపు పంట. జూన్‌లో ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్లు వదలగానే డెల్టా అంతా ఒక్కసారి విత్తనాల కోసం మా డిపోల మీద పడుతుంది. నా ఆరు నెలలు కూడా సరిగ్గా అప్పుడే నిండుతాయి.

పెద్ద పెద్ద కంపెనీల్లో అయితే ఒక పెద్ద కంప్యూటరు కూర్చుని మిగతావాటికి యాంటీవైరస్ పంచుతుందట. మా డిపోల ఫోను లైన్లు చినుకు పడితే చచ్చేవి. కాబట్టి ఎక్కడి కంప్యూటరు అక్కడే, ఎవరి మీదా ఆధారపడకుండా, తన సంగతి తనే చూసుకునే రకం కొనాలి. దాన్ని స్టాండలోన్ అంటారు. అలాంటివి అమ్మే మనిషి మెయిన్ రోడ్డులో ఒక మిఠాయి కొట్టు పైన ఉన్నాడని తెలిసి వెళ్లాను. మే నెలలో రాజమండ్రిలో టై కట్టుకున్న మనిషిని అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మెడ చుట్టూ చెమట పట్టి ఆ టై రంగు చొక్కాకు దిగుతోంది. ఆయన ధర చెప్పాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఫిక్స్‌డ్ రేటండి," అన్నాడు.

నేను లేచాను. మా వంశంలో లేవడానికి ఒక పద్ధతి ఉంది: నెమ్మదిగా, వెనక్కి చూడకుండా, వెనక నుంచి పిలవడానికి వీలుగా. మూడు మెట్లు దిగాను, పిలవలేదు. నాలుగో మెట్టు మీద చెప్పు సర్దుకున్నాను. ఐదో మెట్టు దిగాక, గొడుగు మర్చిపోయినవాడిలా మళ్లీ పైకెక్కాను. (గొడుగు తేలేదు.)

"సరేనండి, రేటు మీ మాటే," అన్నాను. "కొసరేంటి?"

"కొసరా?"

"అదేనండి. పైన ఏం వేస్తారు?"

"ఏవండీ, ఇది సాఫ్ట్‌వేరండి. చింతపండు కాదండి."

"చింతపండైతే అడిగే పనే లేదండి. వాళ్లే వేస్తారు."

టై గారు మౌసు కింద వేసుకునే రబ్బరు ముక్కలు రెండు తీశాడు. పక్కకు నెట్టాను. క్యాలెండరు తీశాడు. సగం ఏడాది అయిపోయింది, అది కూడా నెట్టాను. అప్పుడు ఆయన బల్ల కింద ఇంకో పెట్టె కనిపించింది, నిండా సీడీలు.

"అవేంటండి?"

"అది ఇంకో కంపెనీ యాంటీవైరస్సండి. కొత్తగా వచ్చింది. ఆఫీసులకి ఏడాది ఉచితంగా ఇచ్చి చూపించమని పంపారండి. ఈ ఏప్రిల్ నుంచి లెక్క, కంప్యూటర్లో తారీఖు అంతకు ముందుంటే పనిచెయ్యదంట. మీకు అదెందుకండి? రెండూ ఒకటే పని చేస్తాయి. ఒకటుంటే రెండోది అక్కర్లేదు."

"అక్కర్లేనిది మీ బల్ల కింద ఉండి ఏం చేస్తదండి? ఇందులో పెట్టండి," అని సంచీ మూతి తెరిచాను.

ఆయన పెట్టాడు. ఆ సంచీ పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఒక కంపెనీ యాంటీవైరస్ కొని ఇంకో కంపెనీ యాంటీవైరస్‌ను కొసరుగా తెచ్చిన మొనగాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణేనని గర్వంగా అనిపించింది. అది నిజమే అయి ఉంటుంది. బుర్ర ఉన్నవాళ్లెవరూ ఆ పని చెయ్యరు.

డోసు గారైతే పొంగిపోయారు. "రెండు మందులా! శభాషయ్యా. మనం దోమకి ఒకసారి, ఆకుముడతకి ఒకసారి విడిగా కొడతామా? ట్యాంకులో రెండూ కలిపి ఒకే పిచికారీ. ఒకదానికి లొంగని పురుగు రెండోదానికి లొంగుద్ది. రెండూ కలిపే కొట్టు." ఆ సాయంత్రమే కంపెనీ యజమాని పెద్దాయన గదిలోకి వెళ్లి, ఇది తన ఆలోచనేనని చెప్పి వచ్చారు. తలుపు సందులోంచి నాకే వినిపించింది. కోపం వచ్చింది. వారం తిరక్కుండా అదే నాకు తప్పించుకునే దారి అవుతుందని అప్పుడు తెలియదు.

ఇక పొట్లం కట్టే పని. సాఫ్ట్‌వేరు వాళ్ల భాషలో దాన్ని ప్యాకేజింగ్ అంటారు, అదేదో విమానం తయారీ అన్నట్టు. ఏ ప్రోగ్రామునైనా కంప్యూటరులో ఎక్కించేటప్పుడు అది పదిసార్లు ప్రశ్నలు అడుగుతుంది: ఎక్కడ పెట్టను, షరతులు ఒప్పుకున్నట్టేనా, ఇప్పుడు ఆపి మళ్లీ వెయ్యనా, ఇలా. మా డిపోల్లో ఒక్కో ప్రశ్నకి ఒక్కో ఫోను. నిడదవోలు గుమస్తా గారైతే ఒకసారి షరతుల పేజీ చూసి, "ఇంట్లో ఒక మాట అడిగి చెప్తానండి," అన్నాడు. అందుకని ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైల్లో రాసి, సరుకూ జవాబులూ కలిపి ఒకే మూటగా కట్టి సీడీ మీద ఎక్కించి పంపాలి. అవతలి మనిషి రెండుసార్లు నొక్కితే చాలు, అది నోరెత్తకుండా తన పని చేసుకుపోతుంది. మా నాన్న పాత పేపరుతో కట్టే పొట్లం నా కళ్లముందు ఉంది, లోపల ఏముందో కొనేవాడు విప్పేదాకా తెలియదు. నా పొట్లంలో రెండు సరుకులు.

నా కంప్యూటరు మీద పరీక్షించాను. మొదటిది ఎక్కింది. రెండోది ఎక్కబోతూ ఆగి, తెర మీద పసుపు త్రికోణం ఒకటి పైకి లేపింది. సారాంశం ఏమిటంటే: ఇందులో వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంది, దాన్ని తీసేసి రండి, రెండూ ఒకచోట ఉంటే కంప్యూటరు ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నా తెలివి చూడండి. ఇంజినీరు కొడుకైతే ఆ మాట చదివి భయపడేవాడు. నేను కొట్టువాడి కొడుకుని, చదివి పకాలున నవ్వాను. మెయిన్ రోడ్డులో పక్క కొట్టు సంచీ చేత్తో పట్టుకుని ఏ బట్టల కొట్టుకైనా వెళ్లి చూడండి. "అయ్యో, అక్కడ కొన్నారా? ఒక్క ఉతుక్కి రంగు దిగిపోద్దండీ!" అంటారు. మా చిన్నాన్న ఆ మాట రోజుకు ముప్పైసార్లు అనేవాడు. పక్క కొట్టు ఆయనా చిన్నాన్న బట్టల గురించి అదే అనేవాడు. ఇద్దరూ బట్ట తెప్పించేది ఒక్క మిల్లు నుంచే. 'ఓహో, అమెరికా వాళ్లకి కూడా పక్క కొట్టు మీద ఏడుపేనన్నమాట' అనుకున్నాను. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు ఇవ్వాల్సిన జవాబుగా 'అయినా సరే, కానివ్వు' అని ఫైల్లో రాసేశాను. ఇకపై ఆ త్రికోణం ఎవరికీ కనపడదు. ఎక్కించాక కంప్యూటరు ఆపి మళ్లీ వేస్తేనే ఇవి పూర్తిగా పని మొదలుపెడతాయి. అది కూడా అడగనవసరం లేదని రాశాను. తెర మూలన గడియారం పక్కన రెండు బొమ్మలు, కొన్నదానిది ఎర్ర డాలు, కొసరుగా వచ్చినదానిది నీలి గొడుగు, బుద్ధిగా కూర్చున్నాయి. పది నిమిషాలు చూసి మురిసి, మళ్లీ వేసి చూడకుండానే పరీక్ష ముగించాను.

సీడీలు డిపో వ్యాన్లలో పంపి, అందరికీ ఫోను చేసి చెప్పాను. శనివారం సాయంత్రం కట్టేసే ముందు రెండుసార్లు నొక్కండి, కాఫీ తాగి రండి, ఆపేసి ఇంటికి వెళ్లండి. అంతే. ఏడున్నరకల్లా ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ అయిపోయాయని ఫోన్లు వచ్చాయి. డోసు గారు నా వీపు తట్టారు. పర్మినెంటు కాగితం సోమవారం టైపు కొట్టిస్తానన్నారు. ఆదివారం కొట్టుకెళ్లి, ఆ స్టూలు ఎవరికైనా ఇచ్చెయ్యమని నాన్నతో అన్నాను. ఆయన శనగపప్పు తూస్తూనే ఉన్నాడు.

సోమవారం కాలువలకు నీళ్లొచ్చాయి. ఉదయం ఎనిమిదింటికి మా గేటు ముందు ట్రాక్టర్లు, వ్యాన్లు, ఎడ్లబళ్లు కూడా. తొమ్మిదింటికి నిడదవోలు నుంచి ఫోను.

"సిస్టమ్ గారండీ, నమస్కారమండి."

"చెప్పండి."

"మరేం లేదండి. కంప్యూటర్ వేశానండి. ఇసుక గడియారం వచ్చిందండి."

"వస్తుందండి. కాసేపు ఆగండి."

"ఆగానండి. హోటలుకెళ్లి పెసరట్టు తినొచ్చానండి. ఇంకా అదే ఉందండి."

"రెండు మందులు వేశాం కదండీ, అవి అన్నీ చూసుకోవాలి. టైం పడుతుంది."

"ఆయ్. బయట పదకొండు ట్రాక్టర్లు ఉన్నాయండి. ఆళ్లక్కూడా అదే చెప్పమంటారా?"

అది పెట్టేసేలోపు ఇంకోటి మోగింది, దాని వెనక మరోటి. నేను నా కంప్యూటరు వేశాను. అప్పుడు చూశాను. ఎర్ర డాలు లేచి, 'వైరస్ దొరికింది' అని కేక పెట్టింది. దానికి దొరికింది ఏమిటంటే నీలి గొడుగు వాళ్ల ఆనవాళ్ల పుస్తకం. యాంటీవైరస్‌లు తమకు తెలిసిన వైరస్‌ల ఆనవాళ్లన్నీ ఒక ఫైల్లో రాసుకుంటాయి. అవతలివాడికి అది చూస్తే వైరస్‌ల సంత లాగే కనపడుతుంది. ఎర్ర డాలు ఆ ఫైలు పట్టుకెళ్లి తన కొట్లో పడేసి తాళం వేసింది. వెంటనే నీలి గొడుగు లేచి, ఆ కొట్లో వైరస్‌లున్నాయని తాళం పగలగొట్టి తన గదిలోకి లాక్కుపోయింది. ఎర్ర డాలు మళ్లీ లేచింది. ఒకే బేరానికి రెండు కొట్లవాళ్లు చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నట్టు కంప్యూటరు నలిగిపోతోంది. అసలు వైరస్ మాత్రం ఈ గొడవలో ఎవరికీ అక్కర్లేకుండా ఓ మూల హాయిగా కూర్చుంది.

చలానా లేకుండా గేటు దాటి ఒక్క బస్తా పోకూడదు. కంప్యూటరు లేకుండా చలానా రాదు. బయట కేకలు మొదలయ్యాయి. టై గారికి ఫోను చేశాను.

"రెండూ కలిపి వేశారా! ఎవరు వెయ్యమన్నారండి? వేస్తుంటే హెచ్చరిక వచ్చుండాలే?"

"రాలేదండి," అన్నాను. ఎంత గబుక్కున వచ్చిందో ఆ అబద్ధం, నేనే ఆశ్చర్యపోయాను.

డోసు గారు తుండుతో మెడ తుడుచుకుంటూ వచ్చారు. "డోసు ఎక్కువైందేమోనయ్యా. నీళ్లు కలిపే వీలుందా?" ఆయన సీరియస్‌గానే అడిగారు. ఇలాంటి మనిషి చేతిలో నా బతుకుందని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ గోలలో టీచరమ్మ గారు లేచి, వెనక గదిలో ఇనుప బీరువా తాళం తీసి, పాత చలానా పుస్తకాలు ఎత్తుకొచ్చి కౌంటరు మీద ధనామని పడేశారు. పైన కార్బన్ కాగితాల పెట్టె.

"ఇవి చిత్తు కాగితాలకి అమ్మెయ్యమన్నాను కదమ్మా?" అన్నారు డోసు గారు.

"అన్నారండి. నేను వినలేదండి." ఆమె నావైపు తిరిగారు. "ఇలా రా బాబూ. చేతిరాత ఉందా, అది కూడా మిషనే రాయాలా?"

వెళ్లి ఆమె పక్కన కౌంటర్లో కూర్చున్నాను. ఆమె డిపోలకి ఫోను చేసి, "పుస్తకాలు లేకపోతే తెల్ల కాగితం మీద రాసి సీలు గుద్దండి, మిగతాది రేపు నేను చూసుకుంటాను," అని చెప్తూనే రాస్తున్నారు. నేనూ మొదలుపెట్టాను. పేరు, ఊరు, విత్తనం, బస్తాలు, బండి నంబరు, సంతకం, చించు, తర్వాత. మొదటి పది కష్టంగా సాగాయి. తర్వాత చెయ్యి దాని దారిన అది పోయింది. కార్బన్ ఎప్పుడు తిరగెయ్యాలో, మనిషి మాట్లాడుతుండగానే ఎలా రాయాలో, వరసలో దూరేవాణ్ణి తలెత్తకుండా ఎలా ఆపాలో, ఎవరూ నేర్పకుండానే అన్నీ తెలుసు. నేర్పలేదని ఎలా అంటాను, పదేళ్ల వయసు నుంచీ చూసిందంతా అదే కదా.

"ఎన్నెకరాలండి?" అన్నాను ఒక రైతుని.

"మూడండి. నాలుగు బస్తాలు రాయండి."

"మూడెకరాల నారుమడికి నాలుగెందుకండీ? మూడు చాలు. నాలుగోది ఎలకలకా?"

వరసంతా నవ్వింది. "ఎవరబ్బాయివయ్యా? చెయ్యి భలే ఆడతంది," అన్నాడాయన. వెనకనుంచి ఎవరో మా నాన్న కొట్టు పేరు చెప్పారు. "అదీ సంగతి. కొట్టు రక్తం," అన్నాడు ఆ రైతు మెచ్చుకోలుగా. డోసు గారి శభాషులు పక్కన పెడితే, ఆరు నెలల్లో ఆ ఆఫీసులో నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఎందుకు మెచ్చుకున్నారో వింటే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం వరస పల్చబడ్డాక, టీచరమ్మ గారు మజ్జిగ గ్లాసు నావైపు జరిపారు. "ఆ కంప్యూటరు నీకు ముందుగా ఏమీ చెప్పలేదా బాబూ?"

"ఆ టై ఆయన సరిగ్గా..."

"అతన్ని అడగలేదు. నిన్నడిగాను."

నా వేళ్లు కార్బన్‌తో నీలంగా ఉన్నాయి, ఆమెవీ అలాగే ఉన్నాయి. "చెప్పిందండి," అన్నాను. "పసుపు త్రికోణం వేసి మరీ చెప్పింది. పక్క కొట్టు మీద ఏడుపనుకున్నానండి."

ఆమె నన్ను సూటిగా చూశారు. ఆ చూపు ఆదివారం పిల్లలకు కూడా తగిలే ఉంటుంది. "పెద్దాయన నాలుగింటికి వస్తారు. ఆయన అడక్కముందే చెప్పేసెయ్."

"చెప్తే ఉద్యోగం పోద్దండి."

"పోవచ్చు," అన్నారామె. కాస్తయినా బేరమాడతారనుకున్నాను, ఆడలేదు.

నాలుగింటికి పెద్దాయన వచ్చారు. డోసు గారు ఎదురెళ్లి, "కొత్త కంపెనీ మందండి, మన వాతావరణానికి పడలేదండి," అని మొదలుపెట్టారు. ఇప్పుడు నాకొక మంచి దారి కనపడింది. రెండు మందులు కలపడం డోసు గారి ఆలోచనేనని పెద్దాయనకు వారం కిందటే చెప్పుకున్నారు. నేను ఊరుకుంటే చాలు, మొత్తం ఆయన మెడకే చుట్టుకుంటుంది. మా వంశంలో ఇంత సులువైన బేరాన్ని ఎవరూ వదులుకుని ఉండరు. కానీ పక్కన టీచరమ్మ గారు తలెత్తకుండా చలానాలు వరస పెట్టుకుంటున్నారు, ఆ తలెత్తకపోవడమే భరించలేకపోయాను.

"హెచ్చరిక వచ్చిందండి," అన్నాను. "అది ఎవరికీ కనపడకుండా నేనే చేశాను. మళ్లీ వేసి చూడకుండానే అన్ని డిపోలకీ పంపాను. మేనేజరు గారికి ఈ సంగతి తెలియదండి."

పెద్దాయన ఎందుకు చేశావని అడిగారు. చిన్నాన్న బట్టల కొట్టు దగ్గర్నుంచి మొత్తం చెప్పాల్సి వచ్చింది. రంగు దిగిపోయే చీరల దగ్గరకొచ్చేసరికి ఆయన మీసం కదిలింది. నవ్వో కోపమో తేల్చుకోలేకపోయాను. ఆయన కౌంటరు మీదున్న చలానాల కట్ట ఎత్తి తిరగేశారు.

"ఈ రాత ఎవరిది?"

"నాదేనండి."

"నా కంటే ఎక్కువే రాశాడండి," అన్నారు టీచరమ్మ గారు. "తప్పుల్లేవు. చూశాను."

"ముందు ఆ ముప్పై ఒకటీ బాగుచెయ్యి," అన్నారు పెద్దాయన. "తర్వాత చూద్దాం."

తొమ్మిది రోజులు పట్టింది. పొట్లం కట్టడం ఒక పూట పని, విప్పడానికి మాత్రం ప్రతి కంప్యూటరు దగ్గరికీ నేనే వెళ్లాలి. ప్యాసింజరు రైళ్లలో, బస్సుల్లో, డిపో వ్యాన్లలో విత్తనాల బస్తాల మీద కూర్చుని డెల్టా అంతా తిరిగాను. ప్రతిచోటా కంప్యూటరుని సగం స్పృహలో లేపి, కొసరు సరుకుని ఒక్కో ముక్కా చేత్తో పెరికెయ్యాలి. ప్రతి డిపోలోనూ ఎవరో ఒకరు, "రెండు మందులన్నారు కదండీ?" అని అమాయకంగా అడిగేవారు. వాళ్లు అమాయకులు కారని నాకూ తెలుసు.

చివరికి రామచంద్రపురం. అక్కడ కిటికీ పక్కనున్న పాత కంప్యూటరు దగ్గరికి వెళ్తే డిపో ఇన్‌చార్జి గారు అడ్డు నిలబడ్డారు.

"దాన్ని ముట్టుకోకండి. బానే పనిచేస్తందండి."

"అదెలాగండి? ఇందులో కూడా రెండూ ఉన్నాయి కదా."

"ఉన్నాయండి. గొడవేం పడట్లేదండి. సోమవారం కూడా దీని మీదే చలానాలు తీశామండి."

నిజమే. ఎర్ర డాలు పనిచేసుకుంటోంది, నీలి గొడుగు పక్కనే కిమ్మనకుండా ఉంది. ముప్పై చోట్ల ఒకదాన్నొకటి పీక్కుతిన్నవి ఇక్కడ ఎలా కాపురం చేస్తున్నాయో అర్థం కాలేదు. వాటిని అలాగే వదిలేసి వచ్చాను.

నెలాఖరుకి కాగితం వచ్చింది, పర్మినెంటే. ఉద్యోగం పేరు దగ్గర మాత్రం 'కౌంటర్ అసిస్టెంట్ (సిస్టమ్స్)' అని ఉంది. నేను దేన్నుంచి పారిపోయానో అది బయట, దేనికోసం పారిపోయానో అది బ్రాకెట్లో. ఆ కాగితాన్ని టైపు చేయించింది డోసు గారే. నేను ఆయన పేరు చెప్పలేదన్న కృతజ్ఞత ఆ బ్రాకెట్టు వరకు సాగిందనుకుంటాను. నాన్న కాగితం రెండుసార్లు చదివి, "కౌంటరే కదరా!" అన్నాడు. "పర్మినెంటు కదా!" అన్నాను. పందెం ఎవరు గెలిచారన్నది ఆయన ఉన్నన్నాళ్లూ తేలలేదు. బంధువులొచ్చినప్పుడల్లా ఇద్దరం గెలిచినట్టే చెప్పుకునేవాళ్లం.

ఉదయాలు కౌంటరు, మధ్యాహ్నాలు కంప్యూటర్లు, అలా చాలా ఏళ్లు గడిచాయి. మొదట్లో ప్రతి నెలా ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు రాసేవాణ్ణి. తర్వాత మూణ్ణెల్లకోటి, తర్వాత పండగలకి. రామచంద్రపురం కంప్యూటరు గుట్టు మాత్రం మరుసటి ఏడు తెలిసింది. దాని లోపల తారీఖు గుర్తుపెట్టుకునే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని రోజూ వెయ్యగానే అది తాను తయారైన ఏడాది జనవరి ఒకటి దగ్గర్నుంచి మొదలవుతుంది. కాగితాల మీద తారీఖు ఇన్‌చార్జి గారు పెన్నుతో దిద్దుకుంటున్నారు. నీలి గొడుగు ఏడాది గడువు ఆ ఏప్రిల్‌లో కదా మొదలయ్యేది, తారీఖు అంతకు ముందుంటే అది పనిలోకి దిగదు. ఇక్కడ ఆ ఏప్రిల్ ఎప్పటికీ రాదు. తన రోజు ఇంకా రాలేదనుకుని అది పొద్దున్నే లేచి, ముస్తాబై, గడియారం పక్కన కూర్చుంటోంది.

ఆ బ్యాటరీ ఒక రూపాయి బిళ్లంత ఉంటుంది. నా సంచీలో ఎప్పుడూ ఒకటి ఉండేది, మార్చడం నా ఉద్యోగమే, బ్రాకెట్లోది. వెళ్లినప్పుడల్లా డబ్బా మూత విప్పేవాణ్ణి, దుమ్ము ఊదేవాణ్ణి, మళ్లీ బిగించి వచ్చేసేవాణ్ణి. "ఏంటండీ, మార్చలేదా?" అని ఇన్‌చార్జి గారు అడిగితే, "ఈసారి చూద్దాంలెండి," అనేవాణ్ణి. పొద్దుటి నుంచి కౌంటర్లో వంద చలానాలు రాసి, బస్సెక్కి అక్కడికి వెళ్లిన మనిషిని నేను. రేపో మాపో తన రోజు వస్తుందని అంత నిబ్బరంగా నమ్ముతున్నదాన్ని కదిలించి తారీఖు చెప్పడానికి నాకు మనసొప్పేది కాదు.